ల్యాబ్‌లో ముప్పై సిస్టమ్‌లకు ఒకే కమాండ్‌తో సాఫ్ట్‌వేర్ వేయడం ఎలా? యాన్సిబుల్‌తో మొదటి నుంచి చివరి దాకా

కొత్త సెమిస్టర్ మొదలవుతుందంటే చాలు, ల్యాబ్ చూసుకునేవాళ్ల నుంచి నాకు ఇదే ప్రశ్న వస్తుంది: "ముప్పై సిస్టమ్‌లకు ఉబుంటు వేశాం. ఇప్పుడు జీసీసీ, జావా, వైర్‌షార్క్, తెలుగు ఫాంట్లు వేయాలి. ఒక్కోదాని ముందూ కూర్చోవాల్సిందేనా?"

అక్కర్లేదు. ఏ సిస్టమ్‌లో ఏముండాలో ఒక ఫైల్‌లో రాసి పెడితే, మీ కుర్చీలోంచి లేవకుండానే ముప్పైకీ అవన్నీ వేసే సాధనం యాన్సిబుల్. 2012లో వచ్చింది, 2015 నుంచి రెడ్ హ్యాట్ చేతిలో ఉంది, ఉచితం. పపెట్, షెఫ్ లాంటివీ ఇదే పని చేస్తాయి. కానీ మామూలుగా వాటికి ప్రతి సిస్టమ్‌లో ఒక ఏజెంట్ ప్రోగ్రామ్ నడుస్తూ ఉండాలి. యాన్సిబుల్‌కి ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా ఇంకో సిస్టమ్‌లోకి లాగిన్ అయ్యే దారి), పైథాన్ ఉంటే చాలు. కాలేజీ ల్యాబ్‌కి నేను దీన్నే చెబుతాను.

ఒక మాట. కమాండ్లు, ప్యాకేజీ పేర్లు, ఫైల్‌లో రాసే మాటలు అన్నీ ఇక్కడ పలికే తీరులో తెలుగులో ఇచ్చాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. గుర్తులు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఉన్నట్టే ఉండాలి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- మీరు కూర్చునే సిస్టమ్ ఒకటి. ఉబుంటు గానీ, ఇంకో లినక్స్ గానీ, మ్యాక్ గానీ కావచ్చు. విండోస్ మీద యాన్సిబుల్ నేరుగా నడవదు, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపే సదుపాయం) లోపల నడుస్తుంది.
- ల్యాబ్ సిస్టమ్‌లన్నిటిలో ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో, సుడో హక్కున్న (అంటే అడ్మిన్ పనులు చేయగల) ఒక యూజర్. ఇక్కడ దాన్ని ల్యాబ్‌అడ్మిన్ అందాం. విద్యార్థులు వాడే లాగిన్ వేరుగా ఉండాలి.
- ప్రతి సిస్టమ్‌లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్-సర్వర్ ప్యాకేజీ. ఉబుంటు డెస్క్‌టాప్‌తో ఇది రాదు. చాలామంది మొదటి రోజే ఆగిపోయేది ఇక్కడే. ఈ ఒక్కదాని కోసం మాత్రం ఒకసారి ల్యాబ్ అంతా తిరగక తప్పదు. ఉబుంటు వేసేటప్పుడే దీన్నీ వేసేస్తే ఆ తిరుగుడూ ఉండదు.
- మారని ఐపీ అడ్రసులు. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఒక్కో సిస్టమ్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చే సెట్టింగ్) పెట్టించండి. లేకపోతే నిన్న 105గా ఉన్న సిస్టమ్ ఇవాళ 112 అవుతుంది, మీరు ఒకదానికి అనుకున్నది ఇంకోదానికి పడుతుంది.

1. యాన్సిబుల్ వేసుకోండి, మీ సిస్టమ్‌లో మాత్రమే

ఉబుంటులో "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ యాన్సిబుల్" అంటే సరిపోతుంది. ఆప్ట్ అంటే ఉబుంటులో ప్యాకేజీలు వేసే ప్రోగ్రామ్. మరీ కొత్త వెర్షన్ కావాలంటే "పిప్ఎక్స్ ఇన్‌స్టాల్ --ఇంక్లూడ్-డెప్స్ యాన్సిబుల్" వాడండి. తర్వాత "యాన్సిబుల్ --వెర్షన్" కొట్టి, జవాబు వచ్చిందో లేదో చూసుకోండి. ల్యాబ్ సిస్టమ్‌లలో యాన్సిబుల్ వేయాల్సిన పని లేదు.

డబ్ల్యూఎస్ఎల్ వాడేవాళ్లు మీ ఫైళ్లను విండోస్ సీ డ్రైవ్‌లో పెట్టకండి. ఆ ఫోల్డర్లలో ఎవరైనా రాయొచ్చన్నట్టు లినక్స్‌కి కనపడుతుంది. అలాంటి చోట ఉన్న యాన్సిబుల్ కాన్ఫిగ్ ఫైల్‌ని యాన్సిబుల్ చదవకుండా వదిలేస్తుంది. లినక్స్ వైపు హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టండి.

2. తాళంచెవి పంచండి

"ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టి ఈడీ25519" కొట్టి, పాస్‌వర్డ్ బదులు పని చేసే లాగిన్ కీ తయారు చేసుకోండి. ఆపై ఒక్కో సిస్టమ్‌కీ "ఎస్ఎస్‌హెచ్-కాపీ-ఐడీ ల్యాబ్‌అడ్మిన్@192.168.1.101" అని పంపండి. ఒక్కోసారీ పాస్‌వర్డ్ అడుగుతుంది, కొత్త సిస్టమ్‌ని నమ్మాలా అని కూడా అడుగుతుంది. యెస్ అనండి. ముప్పైకీ ఓపికగా చేయండి. ఈ పని మళ్లీ రాదు.

3. సిస్టమ్‌ల జాబితా రాయండి

ఒక ఫోల్డర్ తెరిచి, అందులో హోస్ట్స్ అనే ఫైల్ పెట్టండి. ముప్పై వరుసలు అక్కర్లేదు, రెండు చాలు:

```
[ల్యాబ్]
192.168.1.[101:130]
```

చదరపు బ్రాకెట్లలో 101 నుంచి 130 దాకా అని రాస్తే రెండు చివర్లూ కలిపి ముప్పై వస్తాయి. యాన్సిబుల్ లెక్క మీ లెక్కతో కలిసిందో లేదో "యాన్సిబుల్ -ఐ హోస్ట్స్ ల్యాబ్ --లిస్ట్-హోస్ట్స్" చెబుతుంది.

పాస్‌వర్డ్‌ని ఈ ఫైల్‌లో రాయకండి. ఆ ఫోల్డర్ రేపు పెన్‌డ్రైవ్‌లో ఎవరి చేతికైనా వెళ్తుంది. ఎక్కడో దాచక తప్పదనుకుంటే యాన్సిబుల్-వాల్ట్‌తో తాళం వేసి దాచండి.

4. పలుకుతున్నాయో లేదో చూడండి

"యాన్సిబుల్ -ఐ హోస్ట్స్ ల్యాబ్ -యు ల్యాబ్‌అడ్మిన్ -ఎమ్ పింగ్". ఇది మామూలు నెట్‌వర్క్ పింగ్ కాదు. లాగిన్ అయిందా, అవతల పైథాన్ పని చేస్తోందా అని చూస్తుంది. అందుకే మామూలు పింగ్‌కి పలికిన సిస్టమ్ కూడా ఇక్కడ ఎర్రగా రావచ్చు.

ఆకుపచ్చగా "పాంగ్" అని వస్తే సరే. "అన్‌రీచబుల్" అని వస్తే కింద కారణం ఉంటుంది. "పర్మిషన్ డినైడ్" అంటే ఆ సిస్టమ్‌కి కీ పంపలేదు, లేదా యూజర్ పేరు తప్పు. "హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్" అంటే సాధారణంగా ఆ సిస్టమ్‌కి మళ్లీ ఉబుంటు వేసి ఉంటారు. "ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -ఆర్" (ఈ ఆర్ పెద్ద అక్షరం) పక్కన ఆ ఐపీ ఇచ్చి పాత గుర్తును చెరిపేసి, మళ్లీ కీ పంపండి. కానీ మళ్లీ ఉబుంటు వేశారా అని ముందు అడిగి తెలుసుకోండి. ఎవరూ వేయలేదంటే ఆ ఐపీలో వేరే సిస్టమ్ కూర్చుందని అర్థం. "కనెక్షన్ టైమ్డ్ ఔట్" అంటే చాలాసార్లు స్విచ్ ఆఫ్ అయి ఉంటుంది.

ముప్పైలో ఇరవై ఎనిమిదే పలికితే, ఆ రెండింటి నంబర్లూ కాగితం మీద రాసుకుని ముందుకెళ్లండి.

5. ప్లేబుక్ రాయండి

అసలు పని ఈ ఫైల్‌దే. పేరు ల్యాబ్.వైఎమ్ఎల్. దాని ఆకారం ఇలా ఉంటుంది:

```
---
- నేమ్: ల్యాబ్ సాఫ్ట్‌వేర్
  హోస్ట్స్: ల్యాబ్
  రిమోట్_యూజర్: ల్యాబ్‌అడ్మిన్
  బికమ్: ట్రూ
  టాస్క్స్:
    - నేమ్: ప్రోగ్రామింగ్ ప్యాకేజీలు
      ఆప్ట్:
        నేమ్:
          - బిల్డ్-ఎసెన్షియల్
          - జీడీబీ
          - డిఫాల్ట్-జేడీకే
          - జీనీ
          - గిట్
          - ఫాంట్స్-తెలు
          - ఐబస్-ఎమ్17ఎన్
        స్టేట్: ప్రెజెంట్
        అప్‌డేట్_క్యాష్: ట్రూ
        క్యాష్_వ్యాలిడ్_టైమ్: 3600
        లాక్_టైమౌట్: 600
```

"బికమ్: ట్రూ" అంటే సుడో హక్కుతో చేయమని. "క్యాష్_వ్యాలిడ్_టైమ్: 3600" అంటే ప్యాకేజీల జాబితా తెచ్చి గంట దాటకపోతే మళ్లీ తేవద్దని, అది సెకన్ల లెక్క. టాస్క్ నేమ్ ఎదురుగా నిజంగానే తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు, అది నడిచేటప్పుడు తెర మీద అలాగే వస్తుంది. మీ తర్వాత ల్యాబ్ చూసుకోబోయేవాళ్లకు ఏ టాస్క్ ఎందుకుందో అర్థమయ్యేలా రాయండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటీ చూసుకోండి.

*ట్యాబ్ కీ.* ప్లేబుక్ రాసే ఈ వైఎమ్ఎల్ పద్ధతిలో వరుస జరపడానికి ట్యాబ్ కుదరదు, స్పేస్‌లే. ట్యాబ్‌ని స్పేస్‌లుగా మార్చే సెట్టింగ్ మీ ఎడిటర్‌లో పెట్టుకోండి. నేమ్ ఎదురుగా రాసిన వాక్యంలో మళ్లీ కోలన్, దాని వెనక ఖాళీ వస్తే కూడా తప్పు పడుతుంది. ఆ వాక్యాన్ని కోట్స్‌లో పెట్టండి.

*షెల్‌తో వేయడం.* ఒక్కో రకం పనికి యాన్సిబుల్‌లో ఒక్కో మాడ్యూల్ ఉంటుంది, పైన "ఆప్ట్" అలాంటిదే. అలవాటు కొద్దీ షెల్ మాడ్యూల్‌లో "ఆప్ట్ ఇన్‌స్టాల్ -వై జీసీసీ" అని రాసేస్తారు. ప్యాకేజీ పడుతుంది, కాదనను. కానీ అది ముందే ఉందో లేదో షెల్ మాడ్యూల్‌కి తెలియదు. ప్రతిసారీ "ఛేంజ్‌డ్" అనే అంటుంది. దాంతో పని సరిగ్గా జరిగిందని తేల్చుకునే దారి పోతుంది. ఆప్ట్ మాడ్యూలే వాడండి.

*లూప్ పెట్టడం.* ఒక్కో ప్యాకేజీకీ లూప్ తిప్పకండి. పైన చూపినట్టు జాబితా ఇస్తే ఆప్ట్ అన్నిటినీ ఒక్క విడతలో వేస్తుంది. టైమ్ బాగా తగ్గుతుంది.

*ప్రెజెంట్ బదులు లేటెస్ట్.* దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. స్టేట్ ఎదురుగా "ప్రెజెంట్" అంటే లేకపోతే వేయమని, ఉంటే ముట్టుకోవద్దని. "లేటెస్ట్" అంటే కొత్తది వచ్చినప్పుడల్లా మార్చమని. ఒక కాలేజీ ల్యాబ్‌లో నేను బయటి రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్) నుంచి తెచ్చిన ఎడిటర్‌కి లేటెస్ట్ అని రాశాను. ప్రాక్టికల్స్‌కి ముందు రోజు సాయంత్రం వేరే ప్యాకేజీ కోసం ప్లేబుక్ నడిపితే, ఆన్‌లో ఉన్న 22 సిస్టమ్‌లలో ఎడిటర్ కొత్త వెర్షన్‌కి మారింది. ఆపి ఉన్న 8 సిస్టమ్‌లలో పాతదే ఉంది. మెనూలు మారిపోయాయి. పొద్దున్నే పిల్లలు రన్ బటన్ కోసం వెతుక్కుంటూ కూర్చున్నారు, పరీక్ష గడియారం మాత్రం ఆగలేదు. ఆ రోజు నుంచి ల్యాబ్ ప్లేబుక్‌లో ఆ మాట రాయలేదు, మీరూ రాయకండి. అప్‌గ్రేడ్ చేయాలంటే దానికి విడిగా ఇంకో ప్లేబుక్ పెట్టుకుని సెలవుల్లో నడపండి.

*రెడ్ హ్యాట్ రకం సిస్టమ్‌లు కలిసి ఉంటే.* ఫెడోరా, రాకీ లినక్స్‌లో ఆప్ట్ ఉండదు. అక్కడ డీఎన్ఎఫ్ మాడ్యూల్. రెండిటికీ సరిపోయే ప్యాకేజీ అనే మాడ్యూల్ ఉంది గానీ, పేర్లు మాత్రం అది మార్చదు. ఉబుంటులో అపాచీ2 అన్నది ఫెడోరాలో హెచ్‌టీటీపీడీ. ఆ తేడా మీరే చూసుకోవాలి.

*ఫైర్‌ఫాక్స్, క్రోమియం.* ఇప్పటి ఉబుంటులో ఇవి ఆప్ట్ జాబితాలో కనిపించినా, లోపల స్నాప్‌గానే (ఆప్ట్ కాకుండా ఉబుంటులో ఉన్న ఇంకో ప్యాకేజీ పద్ధతి) వస్తాయి. 7వ మెట్టులో చెప్పబోయే లోకల్ క్యాష్ వీటికి పనికిరాదు.

6. ఒక్కదాని మీద మాత్రమే నడపండి

ముందు "యాన్సిబుల్-ప్లేబుక్ -ఐ హోస్ట్స్ ల్యాబ్.వైఎమ్ఎల్ --సింటాక్స్-చెక్". వరుసలు తప్పితే ఇక్కడే దొరుకుతుంది.

తర్వాత అదే కమాండ్‌లో --సింటాక్స్-చెక్ తీసేసి, "--లిమిట్ 192.168.1.101 --చెక్ -కె" తగిలించండి. ఈ "కె" పెద్ద అక్షరం. అది సుడో పాస్‌వర్డ్ అడుగుతుంది. చిన్న కె ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డ్‌కి. ఈ రెండిటికీ తేడా మరిచిపోయి "మిస్సింగ్ సుడో పాస్‌వర్డ్" దగ్గర గంటలు గడిపినవాళ్లను చూశాను.

--చెక్ ఏమీ వేయదు, ఏమి వేయబోతుందో చెబుతుంది. "నో ప్యాకేజ్ మ్యాచింగ్" అని వస్తే పేరు తప్పు. ఆ సిస్టమ్‌లో "ఆప్ట్ సెర్చ్" కొట్టి సరైన పేరు చూసుకోండి. ఒక్క చోట మాత్రం --చెక్ మాట నమ్మలేం: మొదటి టాస్క్‌లో కొత్త రిపాజిటరీ కలిపి, రెండో టాస్క్‌లో దాన్నుంచే ప్యాకేజీ వేస్తుంటే, చెక్‌లో రిపాజిటరీ నిజంగా కలవదు కాబట్టి రెండోది తప్పు చూపిస్తుంది. అది మీ తప్పు కాదు.

అన్నీ సరిగ్గా ఉంటే --చెక్ తీసేసి, --లిమిట్ అలాగే ఉంచి నడపండి. తర్వాత లేచి 101 దగ్గరికి వెళ్లండి. విద్యార్థి లాగిన్‌తో తెరవండి. ఒక సీ ప్రోగ్రామ్ కంపైల్ చేయండి. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి, లిబ్రేఆఫీస్‌లో "శ్రీకాకుళం" అని కొట్టి చూడండి. శ కింద ర వత్తు సరిగ్గా పడితే ఫాంట్ కూడా పని చేస్తోందన్నమాట. తెలుగు టైపింగ్‌కి పనికొచ్చే ఐబస్-ఎమ్17ఎన్ ఇప్పుడే వేశాం కాబట్టి, దాని ఇన్‌పుట్ పద్ధతులు లాగౌట్ చేసి మళ్లీ వచ్చే దాకా జాబితాలో కనిపించకపోవచ్చు.

7. ఇప్పుడు ముప్పైకీ

--లిమిట్ తీసేయండి. యాన్సిబుల్ మామూలుగా ఒకసారికి ఐదు సిస్టమ్‌ల మీదే పని చేస్తుంది. "-ఎఫ్ 15" అంటే పదిహేను. కానీ నెట్ సన్నగా ఉంటే ఈ సంఖ్య పెంచడం వల్ల లాభం లేదు. ఒకే ఫైల్‌ని ముప్పై సార్లు దించుకుంటారు.

అలాంటి చోట మీ సిస్టమ్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ వేయండి. ఒకసారి దిగిన ప్యాకేజీని అది దాచుకుని మిగతా అందరికీ లోపల్నుంచే ఇస్తుంది. దాని పోర్ట్ 3142. ల్యాబ్ సిస్టమ్‌లలో ఆప్ట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఈ ఒక్క వరుస ఉన్న ఫైల్ పెట్టాలి, దాన్నీ యాన్సిబుల్ కాపీ మాడ్యూల్‌తోనే పెట్టొచ్చు:

```
అక్వైర్::హెచ్‌టీటీపీ::ప్రాక్సీ "హెచ్‌టీటీపీ://192.168.1.10:3142";
```

ఇక్కడ 10 అన్నది మీ సిస్టమ్. ఒక జాగ్రత్త: ఆ ఫైల్ ఉన్నంత కాలం మీ సిస్టమ్ ఆపేస్తే, ల్యాబ్‌లో దేనికీ ఆప్ట్ పని చేయదు. పని అయ్యాక ఆ ఫైల్ తీసేయడమో, మీ సిస్టమ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచడమో తేల్చుకోండి.

8. రెండోసారి నడపండి

ఈ మెట్టు దాటేయకండి. చివర్లో "ప్లే రీక్యాప్" అని ఒక్కో సిస్టమ్‌కి ఒక వరుస వస్తుంది: ఓకే, ఛేంజ్‌డ్, అన్‌రీచబుల్, ఫెయిల్డ్ అంటూ అంకెలు. మొదటిసారి ఛేంజ్‌డ్ ఎదురుగా అంకె ఉండటం సహజం. అదే ప్లేబుక్‌ని వెంటనే ఇంకోసారి నడపండి. ఈసారి ప్రతి వరుసలో ఛేంజ్‌డ్ సున్నా, ఫెయిల్డ్ సున్నా, అన్‌రీచబుల్ సున్నా రావాలి. అప్పుడే ల్యాబ్ మీ ఫైల్‌లో రాసినట్టు ఉందని నేను ఒప్పుకుంటాను.

రెండోసారీ ఛేంజ్‌డ్ వస్తుంటే ఎక్కడో షెల్ ఉంది, లేదా లేటెస్ట్ ఉంది. లేదంటే అప్‌డేట్_క్యాష్‌ని విడి టాస్క్‌గా రాసి ఉంటారు. అది జాబితా కొత్తగా తెచ్చినప్పుడల్లా ఛేంజ్‌డ్ అంటుంది. పైన చూపినట్టు ప్యాకేజీల టాస్క్‌లోనే కలిపేయండి.

ఆఫ్‌లో ఉన్న ఆ రెండు సిస్టమ్‌లనూ మర్నాడు ఆన్ చేసి, మొత్తం ప్లేబుక్ మళ్లీ నడపండి. మిగతా ఇరవై ఎనిమిదికీ నష్టమేమీ లేదు.

మధ్యలో ఆగిపోతే

"కుడ్ నాట్ గెట్ లాక్": సిస్టమ్ ఆన్ కాగానే ఉబుంటు తనంతట తాను అప్‌డేట్లు వేసుకుంటూ ఉంటుంది, ఆప్ట్ దాని చేతిలో ఉంది. మామూలుగా యాన్సిబుల్ 60 సెకన్లే ఆగుతుంది. అందుకే పైన 600 ఇచ్చాను. లాక్ ఫైల్‌ని మాత్రం డిలీట్ చేయకండి. సగంలో ఉన్న పని పాడవుతుంది.

"డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్": వేస్తుండగా కరెంటు పోయింది. మన ల్యాబ్‌లలో ఇది మామూలే. కమాండ్ మాడ్యూల్‌తో "డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ" అందరికీ ఒకేసారి పంపి, ప్లేబుక్ మళ్లీ నడపండి. యూపీఎస్ బ్యాటరీలు చూసుకున్నాకే నడపడం ఇంకా మంచిది.

వైర్‌షార్క్ సంగతి

నెట్‌వర్క్స్ ల్యాబ్ ఉన్నవాళ్లందరూ అడిగేది ఇది: "వైర్‌షార్క్ పడింది, కానీ విద్యార్థి లాగిన్‌లో ప్యాకెట్లు పట్టుకోవడం లేదు." చేత్తో వేసినప్పుడు అది మధ్యలో ఒక ప్రశ్న అడుగుతుంది: సుడో లేనివాళ్లు కూడా ప్యాకెట్లు పట్టుకోవచ్చా అని. యాన్సిబుల్ వేసేటప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు కాబట్టి డిఫాల్ట్ జవాబు తీసుకుంటుంది. ఆ జవాబు "వద్దు".

కాబట్టి ప్యాకేజీ టాస్క్ కంటే ముందు డెబ్‌కాన్ఫ్ మాడ్యూల్‌తో జవాబు చెప్పాలి. అందులో నేమ్ "వైర్‌షార్క్-కామన్", క్వశ్చన్ "వైర్‌షార్క్-కామన్/ఇన్‌స్టాల్-సెట్‌యూఐడీ", వీటైప్ "బూలియన్", వాల్యూ "ట్రూ". తర్వాత వైర్‌షార్క్ ప్యాకేజీ. ఆ తర్వాత యూజర్ మాడ్యూల్‌తో విద్యార్థి లాగిన్‌ని వైర్‌షార్క్ గ్రూప్‌లో చేర్చాలి. ముందే ప్యాకేజీ పడిపోయి ఉంటే జవాబు చెప్పడం ఒక్కటే చాలదు, ఒకసారి "డీపీకేజీ-రీకాన్ఫిగర్ వైర్‌షార్క్-కామన్" కూడా నడపాలి.

యూజర్ మాడ్యూల్‌లో గ్రూప్స్ రాసినప్పుడు దాని కింద "అపెండ్: ట్రూ" తప్పనిసరి. అది లేకపోతే ఆ యూజర్ మిగతా అదనపు గ్రూపులన్నిటిలోంచీ తొలగిపోతాడు. పొరపాటున ల్యాబ్‌అడ్మిన్ మీద ఇలా నడిపితే సుడో గ్రూప్ కూడా పోతుంది. ఇక ముప్పై సిస్టమ్‌లకూ రికవరీ మోడ్‌లోకి వెళ్లి సరిచేయాల్సి వస్తుంది.

ఒక ప్యాకేజీ ఇక వద్దనుకుంటే

జాబితాలోంచి వరుస కొట్టేస్తే సిస్టమ్‌లోంచి పోదు. యాన్సిబుల్‌కి దాని సంగతి ఇక పట్టదు, అంతే. తీయాలంటే ఇంకో ఆప్ట్ టాస్క్ రాసి, స్టేట్ ఎదురుగా "ఆబ్సెంట్" అనాలి. సెట్టింగ్ ఫైళ్లు కూడా పోవాలంటే "పర్జ్: ట్రూ" చేర్చండి. "ఆటోరిమూవ్: ట్రూ" పెట్టేముందు మాత్రం 101 మీద ఆ ప్లేబుక్‌ని --చెక్, -వి తో నడిపి, ఇంకేమేం పోతున్నాయో పేరుపేరునా చదవండి. ఆ టాస్క్‌ని ఫైల్‌లో సెమిస్టర్ అయ్యేదాకా ఉంచండి, ఎందుకంటే ఆ రోజు ఆఫ్‌లో ఉన్న సిస్టమ్‌లో ఆ ప్యాకేజీ ఇంకా ఉంటుంది.